నాలుగు ఓట్లు, ఒక డైనింగ్ టేబుల్

హ్యూస్టన్ నుంచి ఒక నర్సు పెద్ద ఉత్తరం రాశారు. పేర్లూ ఆనవాళ్ళూ తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆవిడకు నలభై దాటాయి. టెక్సస్ మెడికల్ సెంటర్‌లో ఒక హాస్పిటల్లో పగటి షిఫ్టు, వారానికి మూడు రోజులు, ఉదయం 6:45 నుంచి రాత్రి 7:15 దాకా. ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసి, అది వచ్చాక మళ్ళీ ఎదురుచూసి, కిందటేడు పౌరసత్వం తీసుకున్నారు. హాస్పిటల్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడే ఓటరుగా నమోదయ్యారు. మొన్న జూన్‌లో హ్యూస్టన్ శివారు కేటీలో ఇల్లు కొనుక్కుని మారారు. ఇంట్లో భర్త, అత్తగారు ఉంటారు. కొడుకు ఆస్టిన్‌లో చదువుతున్నాడు.

2026 నవంబర్ 3న ఆవిడ అమెరికాలో మొదటిసారి ఓటు వేయాలి. ఆ రోజే డ్యూటీ పడింది. "పోలింగ్ తెరిచేసరికి నేను రాత్రి నర్సు దగ్గర రిపోర్ట్ తీసుకుంటుంటాను, మూసేసరికి రిపోర్ట్ ఇస్తుంటాను" అని రాశారు. హాస్పిటల్ పక్కనే పోలింగ్ సెంటర్ ఉంటుంది కదా, భోజనం వేళలో పరిగెత్తుకెళ్ళి పాత అడ్రస్ మీద వేసేస్తే సరిపోదా అని అడిగారు.

అసలు బాధ అది కాదు. భర్త ఒక అభ్యర్థి తరఫున ఉత్సాహంగా తిరుగుతున్నారు. స్నేహితుల ముందు "మా ఇంట్లో నాలుగు ఓట్లు" అని మాట ఇచ్చేశారు. 2024లో అత్తగారికి పోస్టులో వచ్చిన బ్యాలెట్‌ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, గళ్ళన్నీ ఆయనే నింపి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నారట. ఆవిడ పెట్టేశారు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మొన్నొక సాయంత్రం గోరుచిక్కుళ్ళు తుంచుతూ అత్తగారు మెల్లగా అన్నారట: "అమ్మాయ్, ఈసారి నా ఓటు నేనే వేస్తాను. నన్ను తీసుకెళ్తావా? వాడికి చెప్పకు." అత్తగారికి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లిష్ చదవలేరు. పెద్దకూతురి ద్వారా 2006లో గ్రీన్ కార్డు మీద వచ్చారు. వయసూ, ఇక్కడ గడిపిన ఏళ్ళూ లెక్కలోకి రావడంతో ఇంగ్లిష్ పరీక్ష మినహాయించి, పౌరశాస్త్రం ప్రశ్నలు తెలుగులోనే అడిగి పౌరసత్వం ఇచ్చారు.

భర్త ఈవిడతో అన్న మాట: "నువ్వూ మెయిల్ బ్యాలెట్ తెప్పించుకో, అందరివీ కూర్చుని ఒకేసారి పంపేద్దాం. సెంటర్‌కే వెళ్తానంటే బ్యాలెట్ ఫొటో తీసి నాకు పంపు, తప్పులుంటే చెప్తాను." ఆయన కోపిష్టి కాదని, ఇంటి వ్యవహారాలన్నీ తనే చూసుకునే అలవాటని రాశారు. ఇంట్లో గొడవ పడకుండా అత్తగారి మాట నిలబెట్టేదెలా? ఆయనకు చెప్పకపోవడం మోసమా? నేను ఎవరికి వేశానో ఆయనకు తెలిసిపోతుందా? ఇవీ ప్రశ్నలు.

ఇక మీతో.

ముందు తేలిగ్గా తేలేది తేల్చేద్దాం. నవంబర్ 3న డ్యూటీ పడిందన్న టెన్షన్ వదిలేయండి. ఆ రోజు ఓటు వేయలేకపోతే ఓటు పోయినట్టు అనుకోవడం మనం ఊరి నుంచి తెచ్చుకున్న లెక్క. అక్కడ ఒకే రోజు, ఒకే బూత్, సాయంత్రం గేటు మూసేలోపు లైన్లో ఉండాలి. ఇక్కడ ఆ రోజు ఆఖరి అవకాశం మాత్రమే. టెక్సస్‌లో ఈసారి ఎర్లీ ఓటింగ్, అంటే పోలింగ్ రోజుకు ముందే ఓటు వేసుకునే గడువు, అక్టోబర్ 19 సోమవారం మొదలై 30 శుక్రవారం ముగుస్తుంది. వారానికి మూడు షిఫ్టులు చేసే మీకు ఆ పన్నెండు రోజుల్లో కనీసం సగం సెలవులే. పైగా మీలాంటి పెద్ద కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రెండో వారం మామూలు రోజుల్లో కనీసం 12 గంటలు, 24వ తేదీ శనివారం 12 గంటలు, మర్నాడు ఆదివారం కనీసం 6 గంటలు ప్రధాన కేంద్రం తెరిచి ఉంచాలని చట్టం. మిగతా కేంద్రాలూ చాలావరకు అవే వేళలు పాటిస్తాయి. ఏ సెంటర్ ఏ వేళకన్నది కౌంటీ ఎన్నికల కార్యాలయం వెబ్‌సైట్‌లో పెడుతుంది. బయల్దేరే ముందు చూసుకోండి, ఎందుకంటే కిందటి ఎన్నికలప్పుడు ఉన్న సెంటర్ ఈసారి ఉండకపోవచ్చు.

మీలాంటి షిఫ్టు ఉద్యోగుల గోడు ఎవరికీ పట్టలేదనుకోకండి. 2020లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ ఒక రాత్రంతా ఎనిమిది చోట్ల పోలింగ్ నడిపింది. నర్సులు, రిఫైనరీ పనివాళ్ళు షిఫ్టు దిగి అర్ధరాత్రి దాటాక వచ్చి ఓటేశారు. కారు దిగకుండా వేసే డ్రైవ్-త్రూ కేంద్రాల్లో 1,20,000 పైగా ఓట్లు పడ్డాయి. 2021లో రాష్ట్ర శాసనసభ కొత్త చట్టం తెచ్చి ఈ రెండిటికీ స్వస్తి పలికింది. ఎర్లీ ఓటింగ్ ఉదయం 6కి ముందు మొదలుకాకూడదు, రాత్రి 10 దాటకూడదు అంది. అది మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకు అన్యాయమనే అంటాను. ఏదేమైనా ఇప్పుడు మనకున్నది పగటి వేళలే.

నవంబర్ 3నే వేయాలని పట్టుదలగా ఉంటే దానికీ దారుంది. పోలింగ్ వేళల్లో మీ డ్యూటీకి బయట వరుసగా రెండు గంటలు కూడా దొరకకపోతే, ఓటుకు వెళ్ళడానికి యజమాని అనుమతి ఇవ్వాలి, జీతం కోయకూడదు. ఎన్నికల చట్టంలోనే ఉంది. మీ షిఫ్టుకి అది అతికినట్టు సరిపోతుంది. కానీ పేషెంట్లను ఇంకొకరికి అప్పగించి, ఐ-10 మీద కేటీ దాకా వెళ్ళి, లైన్లో నిలబడి తిరిగి రావాలి. ఆ రోజు యూనిట్‌లో ఎవరైనా రాకపోతే మీకే కాళ్ళాడవు. సాయంత్రం 7కి లైన్లో ఉంటే చాలు, ఎంత ఆలస్యమైనా ఓటు వేయనిస్తారన్నది నిజమే. అయితే ఆఖరి గంటను నమ్ముకోవద్దు. 2022లో హారిస్ కౌంటీలో కొన్ని సెంటర్లలో బ్యాలెట్ కాగితం అయిపోయి గందరగోళమైంది. ఒక జడ్జి గంట పొడిగించారు, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆపేసింది. 7 దాటాక లైన్లో చేరినవాళ్ళ ఓట్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇంతకీ కేటీ దాకా వెళ్ళడం ఎందుకన్నాను? మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోని చోటే అసలు మెలిక ఉంది. కేటీ అని రాసే అడ్రస్‌లు హారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ అనే మూడు కౌంటీల్లో ఉంటాయి. మీ ఇంటి పన్ను కాగితం తీసి చూడండి. మీరు చెప్పిన పక్కను బట్టి చూస్తే అది ఫోర్ట్ బెండ్ కావాలి. హాస్పిటలేమో హారిస్‌లో ఉంది. ఈ కౌంటీల్లో ఎవరి కౌంటీలో వాళ్ళు ఏ సెంటర్‌కైనా వెళ్ళొచ్చు. మీ ఇంటి పక్కదే కానక్కర్లేదు. కానీ కౌంటీ గీత దాటి వేయలేరు. కాబట్టి హాస్పిటల్ పక్క సెంటర్ ఎంత దగ్గరైనా మీది కాదు. పాత అడ్రస్ మీద వేసేద్దామన్న ఆలోచన అసలు పెట్టుకోకండి. అడ్రస్ మారిందా అని అక్కడ అడుగుతారు, జవాబు కింద సంతకం పెట్టాలి. తెలిసి తప్పు చెప్పడం నేరం. కొత్తగా పౌరులైనవాళ్ళం మనం, ఒక లంచ్ బ్రేక్ కోసం ఆ రిస్కు ఎందుకు?

కౌంటీ మారినప్పుడు పాత నమోదులో అడ్రస్ దిద్దితే చాలదు, కొత్త కౌంటీలో మళ్ళీ నమోదు చేసుకోవాలి. టెక్సస్‌లో లైసెన్స్ అడ్రస్ ఆన్‌లైన్‌లో మార్చుకుంటూ అక్కడే నమోదు చేసుకుంటే తప్ప, దానికి కాగితం దరఖాస్తే. ఆన్‌లైన్‌లో నింపినా చివరికి ప్రింట్ తీసి సంతకం పెట్టి పంపాల్సిందే. గడువు అక్టోబర్ 5. ఆ తేదీలోపు పోస్టు ముద్ర పడితే చాలు. మీది, మీ ఆయనది, అత్తగారిది మూడూ ఈ వారమే పంపేయండి. మీ ఆయనకు ఈ సంగతి చెప్పడం వల్ల ఒక లాభం ఉంది. అభ్యర్థి కోసం తిరుగుతున్న మనిషి, తన ఓటే ఇంకా పాత కౌంటీలో ఉందని తెలిస్తే ఫారాల పని ఆయనే పరిగెత్తి చేస్తారు.

గడువు దాటిపోతే? ఓటు పూర్తిగా పోదు. పాత కౌంటీలో నమోదై ఉన్నవాళ్ళకి కొత్త కౌంటీలో పరిమిత బ్యాలెట్ ఇస్తారు. రెండు కౌంటీలకూ ఉమ్మడిగా ఉండే గవర్నర్, సెనెట్ లాంటి పదవులకే దాని మీద ఓటు వేయగలరు. స్థానిక పదవులు ఉండవు. అదీ ఎర్లీ ఓటింగ్ రోజుల్లోనే, ప్రధాన కేంద్రంలోనే. నవంబర్ 3న వెళ్తే అది దొరకదు.

ఇప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గరికి వద్దాం.

అందరివీ కలిపి మెయిల్‌లో పంపేద్దామన్న మీ ఆయన ప్లాన్‌ని టెక్సస్ చట్టమే సగం కొట్టేసింది. ఇక్కడ మెయిల్ బ్యాలెట్ అడిగిన ప్రతివారికీ ఇవ్వరు. 65 ఏళ్ళు నిండాలి, లేదా అనారోగ్యమో వైకల్యమో ఉండాలి, లేదా ఎర్లీ ఓటింగ్ రోజులన్నీ, పోలింగ్ రోజూ కౌంటీలో లేకుండా ఉండాలి, లేదా పోలింగ్ రోజుకు మూడు వారాలు ముందో తర్వాతో లోపు కాన్పు రావాలి. జైల్లో ఉన్నవాళ్ళకి వేరే నిబంధన. డ్యూటీ పడింది, తీరిక లేదు అన్నవి కారణాలు కావు. మీకూ రాదు, మీ ఆయనకూ రాదు. ఆస్టిన్‌లో ఉన్న అబ్బాయికి వస్తుంది. అక్టోబర్ 23కల్లా దరఖాస్తు కౌంటీ ఆఫీసుకు చేరాలి. లేదంటే అతను ఆస్టిన్‌లోనే నమోదు చేసుకుని అక్కడే వేసుకోవచ్చు. ఆ నిర్ణయం అతనిది. అతని బ్యాలెట్ ఇంటికి తెప్పించి ఇక్కడ నింపే ఆలోచన ఎవరికైనా ఉంటే మాత్రం వద్దని చెప్పండి.

అత్తగారికి వయసు రీత్యా హక్కుంది. ఏడాది మొదట్లో మీ ఆయన ఆవిడ పేరున ఏడాదికంతటికీ కలిపి దరఖాస్తు పెట్టారని రాశారు కదా, ఆ దరఖాస్తు హారిస్ కౌంటీది. ఆవిడ ఫోర్ట్ బెండ్‌కి నమోదు మార్చుకోగానే అది చెల్లకుండా పోతుంది. కొత్త కౌంటీలో మళ్ళీ పెడితే తప్ప బ్యాలెట్ రాదు. అంటే మీరు ఏ ఎత్తూ వేయకుండానే పాత ఏర్పాటు ఆగిపోయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టాలా వద్దా అని ఇప్పుడు అడగాల్సింది అత్తగారినే. దాని మీద సంతకం ఆవిడది.

మెయిల్ బ్యాలెట్ చెడ్డదని నేననను. మంచం దిగలేనివాళ్ళకు అదే దిక్కు. కూర్చున్న చోట తీరిగ్గా, పేరు పేరునా అడిగి తెలుసుకుని వేయొచ్చు. కానీ పోలింగ్ సెంటర్లో ఓటరుకీ మిగతా ప్రపంచానికీ మధ్య అడ్డుగా ఉండే అట్టముక్క ఇంట్లో ఉండదు. ఇంట్లో ఉన్నది ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళ ముందే ఓటు పడుతుంది. చిన్న చిన్న చిక్కులూ ఉన్నాయి. కవరు మీద డ్రైవింగ్ లైసెన్స్ లేదా ఐడీ నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలో రాయాలి. అవి నమోదు రికార్డుతో సరిపోవాలి. 2022 మార్చిలో, పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో, ఈ నంబర్ల నిబంధన కొత్తగా వచ్చినప్పుడు టెక్సస్‌లో మెయిల్ బ్యాలెట్లలో సుమారు 12 శాతం తిరస్కరించారు. తర్వాత జనానికి అలవాటై బాగా తగ్గింది. సాయం చేసినవాళ్ళు కవరు మీద తమ పేరు, అడ్రస్, ఓటరుకి ఏమవుతారో రాసి సంతకం పెట్టాలి. 2024లో మీ ఆయన ఆ గడి నింపారా అని నేను అడగను. ఓటరు చెప్పినట్టు కాక తనకు తోచినట్టు నింపడం, ఎవరికి వేయాలో సూచించడం చట్టరీత్యా నేరమని ఆయనకు బహుశా తెలియదు. తల్లికి పని తప్పించాననే అనుకుని ఉంటారు. పాతది తవ్వడం వల్ల ఇప్పుడు ఇంట్లో గొడవ తప్ప ఒరిగేదేమీ లేదు. ఈసారి అలా జరగకుండా చూస్తే చాలు.

ఆవిడను సెంటర్‌కే తీసుకెళ్తే ఏం జరుగుతుందో చెప్తాను. నేను ఇక్కడ ఎన్నికల క్లర్కుగా కూర్చుని చూసిన మనిషిని.

తలుపు దగ్గరే ఫోన్లు ఆపి లోపల పెట్టేయమంటారు. ఆవిడ మోకాళ్ళ సంగతి అక్కడే చెప్పండి. నిలబడలేనివాళ్ళను లైన్లో ముందుకు పంపే వీలుంది. కారు దిగడమే కష్టమైతే బయట పార్కింగ్‌లో గుర్తు పెట్టిన చోట ఆపి కబురు చేస్తే, క్లర్కులు ఓటు వేసే సరంజామా కారు దగ్గరికే తెస్తారు. అయితే మనుషులు తక్కువున్న వేళ వాళ్ళు వచ్చేదాకా ఆగాలి. మధ్యాహ్నం భోజనాల తర్వాత, మొదటి వారం మధ్యలో వెళ్తే సాధారణంగా రద్దీ ఉండదు.

తర్వాత బల్ల దగ్గర ఐడీ చూపించాలి. ఆవిడ టెక్సస్ ఐడీ గడువు తీరిపోయిందని రాశారు. 70 దాటినవాళ్ళకు ఎప్పుడు తీరినా చెల్లుతుంది. దాని మీద పాత అడ్రస్ ఉన్నా ఫర్వాలేదు, అడ్రస్ కలవాలన్న నిబంధన ఐడీకి లేదు. మీకైతే లైసెన్స్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పౌరసత్వ సర్టిఫికెట్‌లలో ఏదైనా చాలు.

అప్పుడు మీరు పక్కన నిలబడి, ఈవిడ ఇంగ్లిష్ చదవలేరు, నేను సాయం చేస్తాను అంటారు. బ్యాలెట్ భాష చదవలేనివాళ్ళకు తమకు నచ్చిన మనిషిని తోడు తెచ్చుకునే హక్కు 1982 నుంచి ఫెడరల్ చట్టంలో ఉంది. యజమాని, యూనియన్ నాయకుడు తప్ప ఎవరైనా సరే. 2014లో ఆస్టిన్ పక్కన విలియంసన్ కౌంటీలో ఒక బెంగాలీ తల్లి కొడుకును తోడు తీసుకెళ్తే, అతను ఆ కౌంటీ ఓటరు కాదని అనువాదం చేయనివ్వలేదు. ఆవిడ కోర్టుకెళ్ళారు. ఆ రాష్ట్ర నిబంధన ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2017లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తీర్పిచ్చింది. హారిస్‌లో బ్యాలెట్ ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్, వియత్నమీస్, చైనీస్ భాషల్లో ఉంటుంది. రెండు కౌంటీల్లోనూ తెలుగు లేదు. అందుకే మన పెద్దవాళ్ళకు ఈ హక్కు అంత ముఖ్యం.

మీ పేరు, అడ్రస్, బంధుత్వం ఒక ఫారంలో రాసి ప్రమాణం చేయిస్తారు. మాటతో గానీ, సైగతో గానీ ఎవరికి వేయాలో సూచించను, ఆవిడ ఎలా వేశారో ఎవరికీ చెప్పను అని. ఆ మాటలు చదివేటప్పుడు తొందరపడకండి. ఎందుకంటే అవి మీకూ వర్తిస్తాయి. డైనింగ్ టేబుల్ దగ్గర కొడుకు కూర్చున్న కుర్చీలో ఇప్పుడు కోడలు కూర్చోకూడదు కదా. ఆవిడ మీ వైపు తిరిగి "ఎవరికి వేయమంటావే?" అని అడిగే అవకాశం నూటికి తొంభై. "మీరే చెప్పాలి అత్తయ్యా, నేను చదువుతాను" అనాలి, అంతే.

ఇంకో సంగతి. ఒక పార్టీకి ఒకే గుర్తు నొక్కి అన్నీ వేసేసే పద్ధతి టెక్సస్‌లో 2020 నుంచి లేదు. ప్రతి పదవికీ విడివిడిగా ఎంచుకోవాలి. జడ్జిల పేర్లే బారెడు ఉంటాయి. ఆవిడకు గుర్తున్నది మన ఊరి ఓటు, మిషన్ మీద గుర్తు పక్కన బటన్ నొక్కితే ఒక్క కూతతో అయిపోయేది. ఇక్కడ తెర మీద ఒక్కో పేజీ దాటుకుంటూ పోయి, చివర కాగితం ప్రింట్ చేసి, సరిచూసుకుని స్కానర్‌లో పెట్టాలి. వేలికి ఇంకు పూయరు, స్టిక్కర్ ఇస్తారు. అందుకని ముందే నమూనా బ్యాలెట్ ప్రింట్ తీసి, ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని ఏ పదవి ఏమిటో, ఎవరు ఏమంటున్నారో తెలుగులో మాట్లాడుకోండి. ఆవిడ తనకు అర్థమయ్యేట్టు గుర్తులు రాసుకున్న కాగితం లోపలికి తెచ్చుకోవచ్చు, దానికి అడ్డులేదు. తెలియని పదవులు వదిలేసినా మిగతా ఓటు చెల్లుతుంది.

అంతా అయ్యాక ఆవిడ కొడుకు చెప్పిన మనిషికే వేశారనుకోండి, మీ మొహంలో ఏమీ కనిపించనివ్వకండి. ఇంటికొచ్చి "చూశారా, మీ అమ్మగారు మీవైపే వేశారు" అని మీ ఆయన్ని సంతోషపెట్టడానికి కూడా చెప్పకూడదు. ప్రమాణంలో అదీ ఉంది.

ఇక ఫొటో సంగతి. పోలింగ్ సెంటర్లో ఓటు వేసే చోటికి 100 అడుగుల లోపల ఫోన్ వాడకూడదు. కాబట్టి "ఫొటో తీయడం కుదరదండీ, ఫోన్ ముట్టుకోనివ్వరు" అనేది సాకు కాదు, నిజం. మీరు ఎవరికి వేశారో ఆయనకు తెలిసే మార్గమే లేదు. కానీ ఒకటి గమనించండి. ఓటు వేశారా లేదా, ఏ రోజు వేశారు అన్నది మాత్రం పబ్లిక్ రికార్డు. ప్రచారంలో తిరిగేవాళ్ళు రోజూ ఆ జాబితాలు చూస్తారు. ప్రైమరీలో అయితే ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో కూడా అందులో ఉంటుంది. అంటే అత్తగారిని రహస్యంగా తీసుకెళ్ళి వస్తే, రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు ఆయనతో "మీ అమ్మగారి ఓటు పడిపోయిందే!" అనొచ్చు. అది ఆయన స్నేహితుల ముందు వినడం కంటే మీ నోట వినడం మేలు.

చెప్పకపోవడం మోసమా అని అడిగారు. ఎవరికి వేశామన్నది చెప్పకపోవడం మోసం కాదు, అది ఆయన ముందు కూడా మీది. వెళ్తున్నామన్నది దాచడం వేరు. అందులో తప్పు ఉందని కాదు, అది నిలవదని నా భయం. అయినా "వాడికి చెప్పకు" అన్నది అత్తగారు. ఆ మాట మీరు ఒక్కరే దాటకూడదు. ముందు ఆవిడతోనే మాట్లాడండి: ఆయనకు ఎలాగూ తెలుస్తుంది, ముందే చెబుదామా, వెళ్ళొచ్చాక చెబుదామా అని. వెళ్ళొచ్చాకే అంటే అలాగే కానివ్వండి. ఒక సాయంత్రం ఆయన మొహం ముడుచుకుంటుంది, ఓటు మాత్రం అప్పటికే స్కానర్‌లో ఉంటుంది. ముందే చెబుదామంటే, అభ్యర్థి ఊసు, 2024 ఊసు ఎత్తకుండా చెప్పండి: "అత్తయ్యకు సెంటర్‌కి వెళ్ళి వేయాలని ఉందట, నాకు సెలవున్న రోజు తీసుకెళ్తాను." తల్లి ముచ్చటకు అడ్డుపడే కొడుకులు తక్కువ. "నేనే తీసుకెళ్తాలే, నేనే సాయం చేస్తా" అనడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఉత్తరంలో మీరు ఊహించనిది ఇదే.

అప్పుడు కాదనకండి. ముగ్గురూ ఒకే కారులో వెళ్ళండి. అభ్యర్థి పేరున్న టీషర్టు, టోపీ మాత్రం వేసుకోవద్దని చెప్పండి, వాటితో లోపలికి రానివ్వరు. బల్ల దగ్గర క్లర్కు "మీకు సాయం ఎవరు చేస్తారు?" అని అడిగేది అత్తగారినే, మిమ్మల్ని కాదు, ఆయన్నీ కాదు. ఆవిడ ఎవరి పేరు చెబితే వాళ్ళు ప్రమాణం చేసి పక్కన నిలబడతారు, రెండోవాళ్ళు తమ ఓటు వేసుకోవడానికి వెళ్తారు. కొడుకు పేరే చెబుతారేమో, ప్రమాణం చేశాక ఆయన ఎలా ఉంటారో ఆయన ఇష్టం, ఎలా వేస్తారో ఆవిడ ఇష్టం. మీ పేరు చెప్పాలనుకుంటే ఆ ప్రశ్న వస్తుందని ఆవిడకు ముందే తెలియాలి. ఇంగ్లిష్‌లో అడుగుతారు కాబట్టి ఏం అడుగుతారో, వేలు ఎటు చూపించాలో ఇంట్లోనే చెప్పి ఉంచండి.